ఖాళీ బిందెలకు లగేజీ టికెట్టు

మధ్యాహ్నం మూడు గంటలకు చిత్తూరులో విచారణ మొదలయ్యేలోపల దొరస్వామి చేయవలసిన పనులు ఇవి. బావుల సర్వే కార్డుల పెట్టెను ఆఫీసు బీరువాలోంచి తీసి పురికోసతో కట్టుకోవడం. పాత ప్రోగ్రాం కాగితాలనూ, కొత్త ప్రోగ్రాం అచ్చేసిన జాబితానూ ఒకే అట్టలో పెట్టుకోవడం. ఆఫీసు పెద్ద సుబ్రమణ్యం గారు సంతకం చేసి అంటించిన కవరు తీసుకోవడం, తీసుకుని విప్పకపోవడం. తిరుపతి బస్టాండులో పదకొండున్నర బస్సు దగ్గర వరదక్కను కలుసుకోవడం. నాయన కళ్ళజోడుకు విరిగిపోయిన పుల్లను, విచారణ అయినాక బజారులో వేయించడానికి, సంచిలో వేసుకోవడం. ఆఫీసరు అడిగినప్పుడు తడబడకుండా చెప్పవలసిన ఒక్క వాక్యం, "పంచింగులో పొరపాటు జరిగిందండీ" అన్నది, బస్సులో నాలుగైదుసార్లు మనసులో చదువుకోవడం. వరదక్క ముఖంలోకి చూడకపోవడం.

కడపటిది కాగితం మీద రాసుకోలేదు. మిగతావి వరసగా రాసుకుని, అయినదాన్ని అయినట్టు కొట్టేసుకుంటూ వచ్చాడు. ఇరవై ఏడేళ్ళ మనిషి, నగరిలో నేతవాళ్ళ వీధిలో మొదటి బీయస్సీ, వరస తప్పితే అన్నం సహించని స్వభావం. చంద్రగిరి దాటేలోపల ఆ వాక్యం మూడుసార్లు చదువుకున్నాడు. నాలుగోసారి "పంచింగులో పొరపాటు" దాకా వచ్చేసరికి పూతలపట్టు కూడలిలో బస్సు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. మిగతా సగం నోట్లోనే ఉండిపోయింది. ఇంజను మూత సందుల్లోంచి ఆవిరి బుస్సున లేచింది. డ్రైవరు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ, "రేడియేటరు కాగిపొయ్యింది, నీళ్ళు పొయ్యందే కదల్దు" అన్నాడు. కండక్టరు గోవిందు కిటికీలోంచి తల బయటపెట్టి నాలుగు దారులూ చూసి, "ఈ ఊర్లో నీళ్ళా? పాలు గావాలంటే తెస్తా గానీ నీళ్ళు యాడ తెచ్చేదబ్బా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఎనభై మూడు ఏప్రిల్ అది. వాన పేరు విని మూడేళ్ళయింది, అయినా జనానికి నవ్వు వచ్చింది. దొరస్వామికి మాత్రం రాలేదు. ఒళ్ళో పెట్టె, పెట్టెలో ఆరువందల పన్నెండు కార్డులు, ఒక్కో కార్డు ఒక్కో ఊరు, ఆ ఊళ్ళన్నిటికీ నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో ఆ కార్డుల్లో కన్నాలుగా ఉంది.

సోడాబంకు రేకు కింద మూరెడు నీడ ఉంటే అందరూ అక్కడికి చేరారు. వరదక్క బల్ల చివర కూర్చుని చెప్పులు విడిచి, కాళ్ళు చాపి, సంచిలోంచి సద్ది గిన్నె తీసి పక్కన పెట్టుకుంది. వడమాలపేట నుంచి పొద్దున ఆరుగంటల బస్సుకు తిరుపతి వచ్చి, సాయంత్రం ఏడుకు తిరిగిపోయే మనిషి, నాలుగేళ్ళుగా అదే పని, నాలుగేళ్ళుగా టెంపరరీ. కార్డులకు కన్నాలు కొట్టే పంచింగు మిషను ముందు కూర్చుంటే ఆమె వేళ్ళకు కళ్ళుంటాయి, ఆమె కళ్ళు మాత్రం వాకిలి వైపు ఉంటాయి. "ఆ పెట్టె కిందబెట్టరాదా దొరసామీ, పారిపోతాదా యేమన్నా?" అన్నది. "వద్దులేక్కా" అన్నాడు, పురికోస ముడి వైపు చూస్తూ. ముఖంలోకి చూడలేదు. ఆ పని ఇప్పటిదాకా బాగానే జరుగుతోంది.

ఈ పెట్టె బరువే కదా మొట్టమొదట అతనికి ఈ చదువు మీద ఆశ పుట్టించింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇట్లాంటి పెట్టెనే ఎత్తుకుపోయి కంప్యూటరు మిషనులో పోస్తే, అది గడగడా మింగి, పావుగంట ఆలోచించి, కాగితం మీద జవాబు కక్కేది. ఆ పావుగంటలో లోపల ఏం జరుగుతుందని అడిగితే, "కంపైలరు సూసుకుంటాది, నీకెందుకు?" అన్నారు పైవాళ్ళు. మనిషి రాసినదాన్ని మిషనుకు అర్థమయ్యే ఒకట్లూ సున్నలుగా మార్చే ప్రోగ్రాం అది. మిషనుతోబాటే వచ్చింది. ఎవరు చేశారో, ఎట్లా చేశారో ఆఫీసులో ఒక్కరికీ తెలియదు, తెలియదన్న బాధ కూడా లేదు. నాయన మునివెంకటప్ప మగ్గం పాడైతే తానే విప్పి, తానే బిగించే మనిషి. విప్పలేని మగ్గం మీద నేసేవాడు నేతగాడు కాడనేవాడు. ఆ మాట చిన్నప్పుడు విసుగు పుట్టించేది, ఉద్యోగంలో చేరినాక నిద్ర చెడగొట్టింది. అందుకే ప్రతి శనివారం ఏకాంబరకుప్పంలో రైలెక్కి మద్రాసు పోవడం, అక్కడి గ్రంథాలయంలో ఇంటికి ఇవ్వని ఒక లావు పుస్తకాన్ని నోటుబుక్కుల్లోకి చేత్తో ఎత్తి రాసుకోవడం. ఏడు నోటుబుక్కులు, పదహారు నెలలు. తిరిగి వచ్చేటప్పుడు మూర్ మార్కెట్టులో కరెంటుతో తెరిచి మూసుకునే పాత రిలే స్విచ్చులు, టార్చిబల్బులు కొనుక్కొచ్చి, విరిగిన మగ్గం చెక్కకు బిగించి, రెండు స్విచ్చులు వేస్తే ఒక బల్బు వెలిగేటట్టు, ఏ ఒక్కటి వేసినా ఇంకో బల్బు వెలిగేటట్టు, కడాకు ఒకటీ ఒకటీ కలిపితే పక్క బల్బుకు ఒకటి పోయేటట్టు చేసుకున్నాడు. అమ్మ దేవకమ్మ చూసి, "ఇన్ని తీగెలేసి రెండు బుడ్లెలిగిచ్చినావు, ఒగ సీమనూని దీపమైతే యిల్లంతా కనపడేది గదరా" అన్నది.

ఆమె నోటి నుంచే అతనికి ఆ పుస్తకంలో అన్నిటికంటే కష్టమైన భాగం అర్థమైంది, ఆమెకు ఇప్పటికీ తెలియదు. అంకెలు ముందు చెప్పి, వాటితో చేయవలసిన పనిని చివర చెప్పే పద్ధతి ఒకటి. రెండు, మూడు, కూడు. మిషనుకు అట్లా చెబితే సులువట. అంకెలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, పని పేరు వినబడగానే పైనుంచి రెండు తీసి చేసేస్తుంది. పుస్తకం రాసిన దొర దీన్ని ఇరవై పేజీల్లో, ఇది చాలా తలకిందుల పద్ధతి సుమా అని బుజ్జగిస్తూ చెప్పాడు. దొరస్వామి రెండు శనివారాలు బుర్ర గోక్కున్నాడు. మూడో శనివారం పొద్దున అమ్మ, "ఆ కండెలు, ఈ కండెలు, ఆ మూలుండే బుట్టలో, యెయ్యి" అన్నది. రైలెక్కినాక గుర్తొచ్చి, గ్రంథాలయంలో కూర్చున్నాక గట్టిగా నవ్వేశాడు. అటెండరు వచ్చి అరవంలో గదిమాడు. నవ్వక ఏం చేస్తాడు? దొర మాటలో పని ముందు, వస్తువులు వెనక. మనకు వస్తువులన్నీ పేర్చిపెట్టినాక కడాకు పని. తిరుపతి, కాణిపాకం, పుత్తూరు ఎక్కడ విన్నా మనుషులందరూ ఆ ఇరవై పేజీలను పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతూనే ఉన్నారు.

అయితే ఆ చివరి మాట రాందే ఏమీ తేలదు, అదే దాంట్లో ఉన్న చిక్కు. "పంచింగులో పొరపాటు" అన్నంతవరకు నిజానికీ అబద్ధానికీ ఒకే కార్డులు. ఆ తర్వాత "జరిగిందండీ" అనవచ్చు, "జరగలేదండీ" అనవచ్చు. ఆఫీసరు ముందు నిలబడి సగం వాక్యం చెప్పేదాకా తాను ఏ పక్క మనిషో తనకే తెలియకుండా ఉండవచ్చు. ఎండ రేకు మీద పడి చిటపటమంటోంది. ఒక మేక వచ్చి పురికోస వాసన చూసి, నచ్చక పోయింది. సుబ్రమణ్యం గారి కవరు సంచిలో ఉంది. దాంట్లో ఏముందో విప్పకుండానే తెలుసు. చెడ్డమనిషి కాడు ఆయన. ఆదివారాలు మిషను గది తాళం చేతిలో పెట్టి, "సదువుకో నాయనా, మిషను కరిగిపోదు గదా" అన్న మనిషి. బెంగళూరు కంపెనీకి తన చేత్తో సిఫారసు ఉత్తరం టైపు చేసి, సొరుగులో పెట్టి, విచారణ కాగానే పోస్టులో వేస్తానన్న మనిషి. "అది టెంపరరీ ఆడమనిషి. ఇయ్యాల గాకుంటే ఆర్నెల్లకు పొయ్యే ఉద్యోగం. నీకు ముందర ముప్పై యేండ్లుండాయి. ప్రోగ్రాం గురించి ఆడ యెవురికి తెలుస్తాది? ఒక్క మాట. పంచింగని. అంతే" అన్నాడు. అంటూ అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు ఇంకా ఉంది, పెట్టె బరువు కంటే ఎక్కువగా ఉంది.

జరిగింది చెప్పుకుంటే నాలుగు మాటలే. సర్వేవాళ్ళు ఊరూరూ తిరిగి మంచినీళ్ళ బావుల్లోకి తాడు వదిలి, నేల నుంచి నీళ్ళకు ఎన్ని అడుగులో రాసుకొచ్చారు. లోతు ఎక్కువైన ఊళ్ళు జాబితాలో ముందు, తక్కువైనవి వెనక. ముందున్న వరసలో బోరు బండ్లు పోతాయి. తాడు అడుగుకు తగిలినా నీళ్ళు తగలని బావులు పదకొండు ఉండినాయి. వాటికి కొలత ఏం రాస్తారు? అడ్డగీత గీశారు. ఈ అడ్డగీతలను ఏం చేయాలని వరదక్క అడిగితే, ఖాళీ వదిలేయమన్నాడు దొరస్వామే, నోటిమాటగా, తల ఎత్తకుండా. అది తప్పు కాదు. పాత ప్రోగ్రాంలో దానికి ఒక వాక్యం ఉంది: కొలత గడి ఖాళీగా ఉంటే ఆ ఊరిని వేరుగా తీసి అన్నిటికంటే పైన వేయి. దాన్ని ఎవరో తెలివైనవాడు, బహుశా బావి తెలిసినవాడు, రాశాడు. కానీ పాత ప్రోగ్రాం నాలుగు గంటలు నడిచేది, కరెంటు రెండు గంటలకు మించి ఉండేది కాదు. అప్పుడు దొరస్వామి, మన దగ్గర ఒక కంపైలరు ఉందండీ, అన్నాడు. మన దగ్గర అన్నాడు గానీ అది అతనిది. ఏడు నోటుబుక్కుల్లోంచి, ఆదివారాల్లోంచి, వరదక్క మధ్యాహ్నం భోజనం వేళల్లో కొట్టిపెట్టిన పదకొండువందల కార్డుల్లోంచి పుట్టినది. దాంతో మారిస్తే అదే ప్రోగ్రాం ముప్పై అయిదు నిమిషాల్లో అయిపోయింది. ఆఫీసులో అందరూ వచ్చి అతనికి షేక్‌హ్యాండిచ్చారు.

అంత వేగం ఎట్లా వచ్చింది? పుస్తకం చివరి అధ్యాయంలో ఉంది. ఎన్నటికీ జరగని పనిని కనిపెట్టి తీసేయడం. వాకిలి లేని గదికి దీపం ఎందుకు? అతని కంపైలరు కార్డు చదివేటప్పుడే ఖాళీని సున్నగా మార్చేసుకునేది. ఖాళీ అంటే సున్నే కదా, అట్లా రాస్తే నాలుగు వాక్యాలు మిగులుతాయని అతనే రాశాడు. ఖాళీలన్నీ సున్నలైపోయాక, "ఖాళీగా ఉంటే" అన్న వాక్యానికి పనిలేదు. ఇది ఎన్నటికీ జరగదని కంపైలరు తేల్చుకుని దాన్ని తీసేసి, కాగితం కింద బుద్ధిగా అచ్చేసింది: ఒక వాక్యం తీసివేయబడినది. ఆ అచ్చును అతను చూశాడు. ఇదే, ఇదే గొంతులో ఇరుక్కున్న ముల్లు. చూడలేదంటే వేరు. చూశాడు, చూసి సంతోషపడ్డాడు. తాను చేసిన కంపైలరు దానంతట అది ఆలోచించిందని ఒళ్ళు పులకరించింది. ఏ వాక్యమో వెతకలేదు. ఆ సాయంత్రం గాంధీరోడ్డులో నడుస్తుంటే ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పాలనిపించింది. పదకొండు ఎండిపోయిన బావులకు సున్న అడుగులు పడింది. సున్న అడుగులంటే నేలమట్టానికి నీళ్ళు. దప్పికతో ఉన్న పదకొండు ఊళ్ళు జాబితాలో కడాకు, నీళ్ళు పైకే ఉన్న ఊళ్ళ వెనక పోయి కూర్చున్నాయి. ఆ తప్పు ఎవరిదో తేల్చడానికే ఈ విచారణ.

నాయన ఏమనేవాడు? తెల్లచీర నేసి, దించే ముందు వెలుతురుకు పట్టుకుని చూసేవాడు. పడుగులో ఒక్క పోగు తెగి నేతగాడు చూసుకోకపోతే, ఆ చోటు సన్నని గీతలాగా చీర పొడవునా సాగుతుంది. రంగుచీరలో అయితే ఎవరైనా పట్టేస్తారు. తెల్లచీరలో కనపడదు. వేళ్ళు పెట్టి తడిమి, "ఈడ తెల్లపోగు గాదురా, లేనిపోగు" అనేవాడు. పదేళ్ళ దొరస్వామికి అది మాటల ఆట అనిపించేది. తెల్లది కనపడదు, లేనిది కనపడదు, ఏం తేడా? ఆ కళ్ళకు ఇప్పుడు జోడు కావాలి, జోడుకు పుల్ల కావాలి, పుల్ల సంచిలో ఉంది. బీయస్సీ చదివి, ఏడు నోటుబుక్కులు నింపి, రిలేలు బిగించి, తెల్లపోగూ లేనిపోగూ ఒకటేనని మిషనుకు నేర్పి వచ్చాడు కొడుకు. నేతవాళ్ళ వీధిలో పుట్టినవాడు చేయవలసిన తప్పేనా ఇది?

"ఖాళీ బిందెలకు లగేజీ యేందప్పా, నీకేమన్నా ఇంగితముండాదా?" అన్న గొంతుకు తల ఎత్తాడు. బస్సు మెట్టు మీద నాలుగు ఇత్తడి బిందెలు పెట్టి, అయిదోదాన్ని చంకన ఇరికించుకుని ఒక యాభై ఏళ్ళ మనిషి, ముక్కుకు రెండువైపులా నత్తులు, గోవిందును నిలదీస్తోంది. గోవిందు టికెట్ల పెట్టె తట్టుకుంటూ, "ఖాళీదైనా సోటు పడతాది గదమ్మే. సోటు పడితే లెక్కే. నిండుదానికి ఎంతో ఖాళీదానికీ అంతే, రూలు" అన్నాడు. "రూలు! నీ బండికే తాగను నీళ్ళు ల్యా, నాకు రూలు జెప్తా ఉండావు. తొమ్మిదో మైలు మోటారు బాయి కాడికి పొయ్యొస్తాను. పొయ్యేటప్పుడు ఖాళీవి, వచ్చేటప్పుడు నిండువి. రెండుమార్లు కొట్టు లగేజీ, పుణ్యమొస్తాది!" జనం మళ్ళీ నవ్వారు. గోవిందు కూడా నవ్వి, "కుప్పమ్మా, నీతో యేగలేను, కూసో పో" అన్నాడు. ఖాళీదైనా చోటు పడుతుంది. చోటు పడితే లెక్కే. పదహారు నెలలు మద్రాసు పోయి రాసుకొచ్చినదాంట్లో ఈ వాక్యం లేదు. టికెట్లు చింపే గోవిందుకు తెలుసు.

ఏ ఊరని అడగకుండా ఉంటే సరిపోయేది. నోరు అడిగేసింది. "మాదా? రాళ్ళమిట్ట" అన్నది కుప్పమ్మ, నీడలోకి వచ్చి బిందె బోర్లించి దానిమీదే కూర్చుంటూ. రాళ్ళమిట్ట. పెట్టెలో వెనకనుంచి ఆరో కార్డు. జాబితాలో ఆరువందల ఏడు. అతనికి ఆ పదకొండు ఊళ్ళూ నోటికి వచ్చు, కానీ వాటికి గొంతు ఉంటుందని, నత్తులు ఉంటాయని, బిందెలు సొట్టలు పడి ఉంటాయని ఇప్పటిదాకా తోచలేదు. "మీ ఊరికి బోరు రాలేదా పెద్దమ్మా?" అన్నాడు, అడగకూడనిది అడుగుతున్నానని తెలిసే. "వచ్చింది నాయనా, రాకేమి. మా ఊరిమీదనే పొయ్యింది, ఆ పక్క ఊరికి. మేమంతా అడ్డం పొయ్యి నిలబడితిమి. ఆ బండాయన కాగితం తీసి సూపిచ్చినాడు. మీ ఊర్లో నీళ్ళు పైకే ఉండాయంట, ముంత ముంచుకుంటే సాలంట! మా మొగోళ్ళకు కోపమొచ్చింది, నాకు నవ్వొచ్చింది. రా అబ్బయా, ముంచు, ముంచి నువ్వే తాగు అంటి. ఆ యప్ప తల దించుకుని పాయె. ఆయన్నని యేం లాభంలే, కాగితంలో యేముంటే అది." నవ్వుతూనే చెబుతోంది, కొంగుతో మెడ తుడుచుకుంటూ. "ఇప్పుడు పొద్దున్నొకమారు, మద్యాన్నమొకమారు ఈ బస్సు. బస్సు రాలేదంటే నడక. కాన్పుకొచ్చిన నా కూతురు నిన్న నెత్తిన బిందెతో సోలి పడింది. బిందె సొట్టపడింది, ఆ పిల్లకేం కాలే, మునిదేవర సల్లగా సూసినాడు."

దొరస్వామి లెక్క వేసుకున్నాడు. ముప్పై అయిదు నిమిషాలు. నాలుగు గంటల పని ముప్పై అయిదు నిమిషాల్లో. మిగిలిన మూడు గంటల ఇరవై అయిదు నిమిషాలు ఎక్కడికి పోయాయి? ఈమె కాళ్ళలోకి పోయాయి. అట్లా అనుకోవడం సరికాదు, లెక్క కుదరదు, అయినా అట్లానే అనిపించింది. చిత్తూరులో పంచింగు అని చెబితే ఏమవుతుంది? వరదక్క పోతుంది. కార్డులు మళ్ళీ కొట్టిస్తారు. కొత్తమనిషి అడ్డగీతలకు సున్నలే కొడుతుంది. జాబితా మళ్ళీ అదే వస్తుంది, ఈసారి ఎవరూ తప్పు పట్టలేనట్టు వస్తుంది. ఆ ఆలోచన ఇప్పటిదాకా ఎందుకు రాలేదు? వచ్చింది, రాకపోలేదు. వచ్చినప్పుడల్లా బెంగళూరు ఉత్తరం గుర్తుకు తెచ్చుకున్నాడు. అక్కడ పెద్ద మిషను, పొద్దస్తమానం దానిదగ్గరే ఉండవచ్చు, చేత్తో ఎత్తి రాసుకోనక్కర్లేని పుస్తకాలు. ఆ చదువు కోసం ఏమైనా చేయవచ్చనుకునే రోజులు ఉండినాయి, ఏమైనా అంటే ఎంతో తెలియని రోజులు.

"తినవా దొరసామీ? పులుసన్నమే, సద్దిది కాదులే" అని వరదక్క గిన్నె మూతలో ఇంత పెట్టి అందించింది. అతను అందుకున్నాడు, తినలేదు. ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, ఎదురుగా ఉన్న రోడ్డుతో మాట్లాడుతున్నట్టు అన్నది. "రాత్రంతా ఆలోచన జేస్తిని. నేనే తప్పు కొట్టినానా అని. సున్న కొడితే మిషను టక్కుమంటాది, కార్డులో కన్నం పడతాది. ఖాళీ వదిలితే సప్పుడుండదు, జరిగిపోతాది. ఆ పదకొండు ఊర్ల కాడ సప్పుడు రాలే. నాకు బాగా గుర్తుండాది. నువ్వు సెప్పినట్టే వదిలినా. మరి తప్పు యాడ జరిగింది? నువ్వు సదువుకున్నోడివి, నీకు తెలిసుంటాది గదా, నాకన్నా సెప్పు. పోతే పోనీ ఉద్యోగం, యెందుకు పోతా ఉండాదో తెలిస్తే సాలు."

అప్పుడు చూశాడు ఆమె ముఖంలోకి. చూడవలసింది పెద్దగా ఏమీ లేదు. మెతుకు ఒకటి పెదవి చివర అంటుకుని ఉంది, కళ్ళ కింద నిద్రలేని నలుపు. మూత కింద పెట్టి, "నువ్వు కొట్టింది సరిగ్గానే కొట్టినావక్కా" అన్నాడు. "ఖాళీకీ సున్నకూ తేడా కార్డులో ఉండింది. నీ వేళ్ళకు తెలుసు. నా కంపైలరుకు తెలీదు. నేను నేర్పలే. పాత ప్రోగ్రాంలో ఖాళీని సూసే వాక్యముండింది, దాన్ని నాది తీసేసింది. తీసేసినానని నాకు జెప్పింది కూడా. నేను సూసి, యేదని అడగలే. తప్పు నాది. సారుకు యెంత తెలుసో నాకు తెలీదు. ఈ పది దినాలుగా నాకు తెలుసు."

వరదక్క ముద్ద మింగింది. అరుస్తుందనుకున్నాడు, ఏడుస్తుందనుకున్నాడు. ఆమె చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు లేక, కాగితంతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంది. "నీ కంపైలరు యెవురు కొట్టినారు?" అన్నది. "నువ్వే అక్కా." "యెప్పుడు?" "భోజనం యేళల్లో." "అన్నం సల్లగైపోతా ఉంటే కొట్టినాను. సాలోళ్ళ పిల్లోడు, మంచోడు, సదువుకుంటా ఉండాడు, మన పిల్లోళ్ళూ ఇట్లనే సదవాల అనుకుంటా కొట్టినాను. పది దినాలు! పక్క మిషను కాడ కూసోని, రోజూ అక్కా టీ తాగుతావా అంటివి గదరా! టీ!" దొరసామీ పోయి గదరా వచ్చింది. అతనికి అది న్యాయంగానే తోచింది. కుప్పమ్మ బిందె మీద కూర్చుని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"ఆడ పొయ్యినాక పెద్దోళ్ళను సూసి మాట మారస్తావు. మనుషులు మారస్తారు, నేను సూసినా. ఇప్పుడే రాయి, ఈడనే. రాసి నాకియ్యి, నా దగ్గరుంటాది" అన్నది వరదక్క. కొత్త జాబితా కాగితం తిప్పి, ఖాళీగా ఉన్న వెనకవైపు, పెట్టె మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. ఆపరేటరు వరదమ్మ కార్డులన్నీ సరిగ్గా కొట్టింది. అడ్డగీతలను ఖాళీగా వదలమన్నది నేను. తప్పు నేను రాసిన కంపైలరుది, అనగా నాది. ఈ కింది పదకొండు ఊళ్ళ బావులలో నీళ్ళు లేవు, వీటికి మొట్టమొదట బోరు వేయవలెను. రాస్తుంటే బెంగళూరు ఒక్కో అక్షరానికి ఒక్కో అడుగు వెనక్కి పోతోంది, తెలుస్తూనే ఉంది. ఆదివారాల తాళంచెవి పోతోంది. నాయనకు ఏం చెప్పాలి? ఏమీ చెప్పనక్కర్లేదు, వెలుతురుకు పట్టి చూస్తాడు. రాళ్ళమిట్ట దగ్గరికి వచ్చేసరికి కుప్పమ్మ లేచి వచ్చి వంగి, చదవడం రాని కళ్ళతో కాగితం చూసింది.

"యేం రాస్తా ఉండావు నాయనా?"

"మీ బాయిలో నీళ్ళు లేవని, పెద్దమ్మా."

"లేవని నేను ఆపొద్దే జెప్తినే! తాడు పట్టుకొచ్చిన యప్పను బాయి కాడికి పిల్సకపొయ్యింది నేనే. లోపల రాయి యేసి, సప్పుడు ఇనమంటి. ఊ అన్న్యాడు, పేరేమన్న్యాడు, కుప్పమ్మంటి. ఊరు పేరు రాసుకున్న్యాడు, నా పేరు రాసుకోలే. అందుకే యెవురూ నమ్మలే. ఊర్లకు నోరుంటాదా జెప్పేదానికి? మనిషి జెప్పాల. ఈమారన్నా నా పేరు రాయి. కుప్పమ్మ జెప్పిందని రాయి."

రాశాడు. అదే వరసలో, ఊరి పేరు పక్కన. సంతకం చేసి ఇస్తే వరదక్క నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది. అవతల గోవిందు, సోడాబంకు ఆయనతో బేరం కుదిరి, గోలీసోడాలు ఒక్కొక్కటే టప్పున కొట్టి రేడియేటరులో పోస్తున్నాడు. అది బుసబుసా పొంగుతుంటే పిల్లాపెద్దా చుట్టూ చేరి నవ్వుతున్నారు. డజనున్నరకు బండి లేచింది. కుప్పమ్మ నాలుగు బిందెలు తాను ఎక్కించింది, అయిదోది దొరస్వామి ఎక్కించాడు. గోవిందు ఆమెను చూసి, టికెట్ల పెట్టె చూసి, ఏమనుకున్నాడో ఒక లగేజీ టికెట్టు చింపనే చింపాడు.

చిత్తూరులో ఏం జరిగిందన్నది ఆ గంటకు అవతలి సంగతి. ఆ కాగితం అక్కడ ఇచ్చారు, అంతవరకు నిజం. ఏదో ఒక ఫైలులో చేరి ఉంటుంది. ఫైలులో ఊరికి గడి ఉంటుంది, తాలూకాకు ఉంటుంది, అడుగులకు, తేదీకి, తప్పు చేసినవాడికి కూడా ఉంటుంది. ముందుగా చెప్పిన మనిషికి ఏ కాగితంలోనూ గడి లేదు. అందుకని ఇంతదాకా చదివినవాళ్ళను అడుక్కునేది ఒక్కటే. దొరస్వామిని మరిచిపోయినా ఫరవాలేదు, కంపైలరు సంగతి అర్థం కాకపోయినా ఫరవాలేదు. రాళ్ళమిట్ట కుప్పమ్మను గుర్తుపెట్టుకోండి. బావిలోకి రాయి వేసి, చప్పుడు వినమన్నది ఆమె.